వరి వేరు అడ్డుకోతల్లో గాలి ఖాళీలు: ప్రోగ్రాం చెప్పే శాతాలను ఎంతవరకు నమ్మాలి?

వేరుపురుగు
వరి వేళ్ల మీద పరిశోధన చేస్తున్నాను. నీళ్లు నిలగట్టిన మడిలో పెరిగిన మొక్కలు కొన్ని, ఆరుతడిలో పెరిగినవి కొన్ని. వేరును అడ్డంగా కోసి, కార్టెక్స్‌లో, అంటే వేరు పైపొరకూ నడిమి నాళాల కట్టకూ మధ్యనున్న మెత్తటి భాగంలో, గాలి ఖాళీలు (ఏరెంకైమా) ఎంత శాతం ఉన్నాయో తేల్చాలి. కోతలన్నీ చేత్తో బ్లేడు పట్టి కోసినవే. సఫ్రానిన్ అనే ఎర్ర రంగు పట్టించి, 10ఎక్స్ కటకం కింద ఫొటోలు తీశాను. వందల్లో ఉన్నాయి. ఒక్కొక్క ఖాళీ చుట్టూ మౌసుతో గీత గీస్తూ కూర్చుంటే పట్టా వచ్చేలోపు కళ్లు పోతాయని ఇమేజ్‌జే అనే ఫొటో కొలతల ప్రోగ్రాంలో చిన్న మాక్రో, అంటే వరస ఆదేశాల పట్టీ, రాయించుకున్నాను. ఫొటోను బూడిద రంగులోకి మార్చి, ఓట్సు పద్ధతిలో వెలుగుకు ఒక హద్దు పెట్టి నలుపు తెలుపులుగా విడగొట్టి, ఒక పరిమాణం దాటిన తెల్లటి ఖాళీలను కూడి, వేరు వైశాల్యంతో భాగిస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఒకే స్లైడు, ఒకే కోత, రెండు ఫొటోలు. ఒకదానికి 41 శాతం వచ్చింది, రెండో దానికి 68. ఇంకో కోతకు ఏకంగా సున్నా. కంటికి మాత్రం అన్నింటిలోనూ ఖాళీలు ఇంచుమించు ఒకేలా కనిపిస్తున్నాయి. మా గైడు గారు ‘కృత్రిమ మేధ వాడవయ్యా, అందరూ వాడుతున్నారు’ అంటారు. పక్క ల్యాబు సీనియరు ‘చేత్తో గీసిందే లెక్క, మిగతావన్నీ కాకిలెక్కలు’ అంటారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఈ పని చేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

గుమ్మడిపాదు
సున్నా వచ్చినదాన్ని కొత్త వంగడంగా విడుదల చేయండి. గాలి అక్కర్లేని వరి.

పిక్సెల్_పద్మ
సున్నా సంగతి ముందు చెబుతాను, అది తేలిక. ఆ ఫొటోలో వేరు అంచున ఎక్కడో గోడ తెగి ఉంటుంది, చూడండి. మీ మాక్రోకు గది అంటే ఏమిటో తెలియదు. చుట్టూ నల్ల గీత మూసుకున్న తెల్లటి చోటు ఏదైనా దానికి ఖాళీయే. గాజు పలక తెలుపూ ఏరెంకైమా తెలుపూ దాని కంటికి ఒకటే. అంచులో రెండు పిక్సెళ్ల సందు ఉన్నా చాలు, కట్ట తెగిన చెరువులా లోపలి తెలుపంతా బయటి తెలుపులో కలిసిపోతుంది. బయటిది నేపథ్యమని తీసేస్తారు కదా, దాంతోపాటు మీ ఖాళీలూ పోతాయి.

ఇక 41, 68. ఓట్సు పద్ధతి 1979 నాటిది, మంచి పద్ధతే. అయితే ఫొటోలోని వెలుగుల పట్టికలో రెండు గుట్టలు విడివిడిగా ఉంటాయన్న నమ్మకం మీద అది నడుస్తుంది. ప్రతి ఫొటోకూ హద్దును అదే కొత్తగా వెతుక్కుంటుంది. ఒక ఫొటోలో వేరు అంతటా నిండిపోయి చుట్టూ గాజు తక్కువగా కనిపిస్తే తెల్ల గుట్ట తగ్గుతుంది, హద్దు నలుపు వైపు జరుగుతుంది. పలచటి గోడలు తెలుపు పక్షాన పడిపోతాయి. అప్పుడు పక్కపక్కనున్న మామూలు కణాలు రెండు మూడు కలిసి ఒక పెద్ద ఖాళీగా లెక్కలోకి వస్తాయి. మీ 68లో ఇవి ఎన్ని ఉన్నాయో చూశారా?

కెమెరాలో వెలుగు, రంగు సర్దుబాట్లు ఆటోలో ఉన్నాయా? ఫొటోలు జేపెగ్‌లో దాచారా?

వేరుపురుగు
@పిక్సెల్_పద్మ రెండూ అవును. ఆటోనే, జేపెగ్‌లే. సున్నా వచ్చిన ఫొటోను ఇప్పుడే పెద్దది చేసి చూశాను. మీరు చెప్పినట్టే బాహ్యచర్మం ఒక చోట విరిగి ఉంది. అంత చిన్న సందుకే ఇంత గోలా!

పిక్సెల్_పద్మ
సరిచేయడానికి తేలిక మార్గం ఉంది. నలుపు తెలుపు చేశాక నల్ల భాగాన్ని ఒకటి రెండు పిక్సెళ్లు లావు చేసి, మళ్లీ అంతే సన్నం చేయండి. ఇమేజ్‌జేలో ‘క్లోజ్’ అనే ఆదేశం అదే. చిన్న సందులు పూడిపోతాయి. అత్యాశకు పోయి పది పిక్సెళ్లు పెడితే చిన్న కణాలు కూడా పూడిపోతాయి, జాగ్రత్త.

ఇంకొకటి. ఫొటోను ఉన్నది ఉన్నట్టు బూడిద రంగులోకి మార్చకండి. సఫ్రానిన్ ఎరుపు. ఎర్రగా కనిపించే వస్తువు ఆకుపచ్చ కాంతిని మింగేస్తుంది. కాబట్టి రంగు చానెళ్లను విడగొట్టి ఆకుపచ్చది ఒక్కటే తీసుకుంటే గోడలు బాగా నల్లగా వస్తాయి. ఎరుపు చానెల్‌లో అవే గోడలు దాదాపు మాయమవుతాయి. మూడింటినీ కలిపితే ఉన్న తేడా కూడా పలచబడుతుంది. టొలుయిడిన్ నీలం వాడేవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది, వాళ్లు ఎరుపు చానెల్ చూసుకోవాలి.

బ్లేడు_మాస్టారు
ఉద్యోగం చేసినంత కాలం వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ చెప్పినవాణ్ణి. పద్మ గారు చెప్పినవన్నీ సబబే, కాకపోతే అవి ఫొటో పుట్టిన తరవాతి వైద్యాలు. రోగం అంతకు ముందే ఉంది.

చేతికోత ఎప్పుడూ ఒకే మందంలో రాదు. ఒక అంచు ఒక కణం మందం ఉంటే రెండో అంచు మూడు కణాల మందం ఉంటుంది. మందంగా ఉన్న వైపు పై గోడా కింది గోడా ఒకదాని మీద ఒకటి పడి నల్లగా, లావుగా కనిపిస్తాయి. అదే వేరులో పలచటి వైపు గోడలు కనీ కనిపించకుండా ఉంటాయి. ఏ హద్దు పెట్టినా ఒక వైపుకు అన్యాయం జరగక తప్పదు.

పైగా సఫ్రానిన్ పట్టేది ప్రధానంగా లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉన్న గోడలకు. దారునాళాలు (నీళ్లు మోసే గొట్టాలు), అంతశ్చర్మం, అంచున ఉండే గట్టి కణాల వరస అవన్నీ ఎర్రగా మెరుస్తాయి. కార్టెక్స్ మృదుకణాల గోడలకు అది సరిగ్గా అంటదు. ఈ అబ్బాయికి కావలసింది కార్టెక్స్, ఎంచుకున్న రంగు దారువుకు పనికొచ్చేది. టొలుయిడిన్ నీలం అయితే లిగ్నిన్ గోడలు నీలాకుపచ్చగా, పలచటి గోడలు ఊదాగా రెండూ కనిపించేవి.

అన్నిటికంటే పెద్ద చిక్కు చిరుగులు. ముదిరిన వరి వేరు కార్టెక్స్ మెత్తగా, డొల్లగా ఉంటుంది. మొద్దుబారిన బ్లేడుతో నొక్కి కోస్తే అది చిరుగుతుంది. చిరిగిన చోటూ తెలుపే, ఏరెంకైమా కూడా తెలుపే. కంటికి తేడా తెలుస్తుంది. వరిలో ఖాళీలు కణాలు చనిపోయి కరిగిపోగా ఏర్పడతాయి. చనిపోయిన కణాల గోడలు ముడుచుకుని, బయటి వరస నుంచి లోపలి వరస వరకు సన్నటి పోగుల్లా సాగి ఉంటాయి. ఆ పోగులు రెండు కొసలా అతుక్కునే ఉంటాయి. చిరుగులో గోడలు తెగి కొసలు వేలాడుతుంటాయి, పక్క కణాలు పక్కకు నెట్టినట్టు వంకర పోతాయి. ఈ తేడా చూసే కన్ను తయారు కావాలంటే కోతలు కోయాలి. కంప్యూటర్ ముందు కూర్చుంటే రాదు.

కోడ్_కాముడు
ఇంత చర్చ దేనికి? ఓట్సు, ఇమేజ్‌జే మాక్రోలు పాతకాలపు సరుకు. సెల్‌పోజ్ అని కణాల హద్దులు గీసే కృత్రిమ మేధ మోడల్ ఉంది, దించుకోండి, ఫొటోలు ఇవ్వండి, టీ తాగి రండి. అది కాదంటే మెటా వాళ్లు 2023లో విడుదల చేసిన సామ్ ఉంది. ఖాళీ మీద క్లిక్ చేస్తే హద్దు అదే గీస్తుంది. చిరుగూ ఏరెంకైమా తేడా కూడా నాలుగు ఉదాహరణలు చూపిస్తే నేర్చుకుంటుంది.

పిక్సెల్_పద్మ
@కోడ్_కాముడు టీ తాగి వచ్చేసరికి సెల్‌పోజ్ ఏమి ఇస్తుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. 2021లో వచ్చిన ఆ మోడల్ వెతికేది కణాలను. ప్రతి వస్తువుకూ ఒక నడిబొడ్డు ఉంటుందని, చుట్టూ ఉన్న పిక్సెళ్లన్నీ దానివైపు దారి చూపుతాయని అది నేర్చుకుంది. ఏరెంకైమా కణం కాదు, కణాలు పోయిన చోటు. పొడుగ్గా, వంకర టింకరగా, మధ్యలో పోగులతో ఉంటుంది. ఒక్క ఖాళీని నాలుగు ముక్కలు చేసి నాలుగు కణాలని చెబుతుంది. 2022 నుంచి మన దిద్దుబాట్లతో మళ్లీ తర్ఫీదు ఇచ్చుకునే వీలు వచ్చింది, అది నిజంగా బాగుంది. అయితే దిద్దాల్సింది మనమే. ‘నాలుగు ఉదాహరణల’తో కాదు.

ఇదే దారిలో ప్లాంట్‌సెగ్ అని మొక్కలకోసమే చేసినది ఉంది (2020, హైడెల్‌బర్గ్ వాళ్లది). దానికి తర్ఫీదు ఇచ్చింది అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క అండాలు, పిల్లవేళ్ల త్రిమితీయ ఫ్లోరెసెన్స్ చిత్రాల మీద. సఫ్రానిన్ పట్టించిన వరి వేరు దానికి వేరే లోకం.

వేరుపురుగు గారికి నా సలహా ఐలాస్టిక్. ఉచితం, కోడు రాయక్కర్లేదు. గోడ మీద ఒక రంగు, ఏరెంకైమా మీద ఒక రంగు, బతికున్న కణాల మీద ఒకటి, నేపథ్యం మీద ఒకటి, కాస్త కాస్త పూసి చూపిస్తే మిగతా పిక్సెళ్లను అదే పంచుతుంది. తప్పు చేసిన చోట మళ్లీ పూస్తే సర్దుకుంటుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ఇమేజ్‌జేకే ఇంకో రూపమైన ఫిజీలో ట్రైనబుల్ వెకా అనే ప్లగిన్ కూడా ఇదే పని చేస్తుంది.

మొక్కజొన్న_వేణి
అమెరికాలో మొక్కజొన్న వేళ్లతో ఇదే తంటా పడుతున్నాను. మాకు ఎక్కువగా వినిపించే పేరు రూట్‌స్కాన్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించారు. అది ముందు వేరును నేపథ్యం నుంచి, తరవాత మధ్యలోని ప్రసరణ స్తంభాన్ని (నాళాల కట్టను) కార్టెక్స్ నుంచి విడదీసి, ఆపైనే కార్టెక్స్ లోపలి ఖాళీల జోలికి వెళ్తుంది. ఏ ప్రోగ్రాం వాడినా ఈ వరస పాటించండి. ప్రసరణ స్తంభాన్ని ముందే పక్కన పెట్టకపోతే పెద్ద దారునాళాలు కూడా ఏరెంకైమాలో పడతాయి. వాటి వైశాల్యం తక్కువేమీ కాదు.

వరికోసమే చేసినది ఫివ్-రూట్‌సెల్, ఇమేజ్‌జేలోనే నడుస్తుంది. మధ్య మధ్య మనల్ని అడిగి సరిచూసుకుంటుంది. మీకు అలవాటైన చోటే కాబట్టి ఒకసారి చూడండి.

కోత బాధే లేని దారి కూడా ఉంది. అతినీలలోహిత లేజరుతో వేరు కొనను పొరపొరగా ఆవిరి చేస్తూ, తేలిన ముఖాన్ని కెమెరాతో వరసగా ఫొటో తీస్తారు. బ్లేడు లేదు, రంగు లేదు, చిరుగు లేదు. ఆ యంత్రం ఖరీదు మాత్రం అడగకండి.

గుమ్మడిపాదు
మా ల్యాబులో బ్లేడు పెట్టె కొనడానికే మూడు సంతకాలు కావాలి.

జొన్నకంకి
ప్రోగ్రాం సంగతి సరే, ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. వేరు కొన నుంచి ఎంత దూరంలో కోశారు? కొన దగ్గర ఏరెంకైమా ఉండదు, మొదలు వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. నీటి మడి వేరు పొడవు వేరు, ఆరుతడి వేరు పొడవు వేరు. రెండింటినీ ‘మధ్యలో కోశాను’ అంటే పోల్చినట్టు కాదు. వేరు వయసులో తేడాను నీటి తేడాగా రాసేస్తాం.

రెండో మాట. శాతం అంటున్నారు, దేనిలో శాతం? వేరు అడ్డుకోత వైశాల్యం 100 అనుకుంటే, అందులో కార్టెక్స్ 80, ఖాళీలు 32 అనుకోండి. వేరు మొత్తంలో అది 32 శాతం. కార్టెక్స్‌లో 40 శాతం. కొందరు అలా రాస్తారు, కొందరు ఇలా. ఎవరి పత్రంతో పోలుస్తున్నారో వాళ్ల హారం ఏమిటో చూసుకోండి.

వేరుపురుగు
@జొన్నకంకి కొన నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, మొదలు నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర ఒకటి. ప్రతి వేరుకూ రెండు చోట్లా కోసి, సీసా మీద రాసి పెట్టాను. హారం మాత్రం వేరు మొత్తం. గైడు గారి పాత పత్రంలో అలాగే ఉంది. రెండూ ఇస్తే పోతుందేమో.

జొన్నకంకి
రెండూ ఇవ్వండి, తలనొప్పి తప్పుతుంది. ఇంకో సంగతి మరచిపోకండి. వరి ఆరుతడిలో కూడా ఏరెంకైమా వేస్తుంది, నీళ్లు నిలిస్తే ఇంకాస్త పెంచుతుంది. మొక్కజొన్నలా ఉండీ లేకపోవడం కాదు. అంటే మీరు వెతికే తేడాయే చిన్నది. ఒకే కోతకు 41, 68 ఇచ్చే కొలబద్దతో అది చిక్కదు.

కలపకొట్టు
అటవీ విద్య చదివినవాణ్ణి, మాకు ఈ బాధ తక్కువ. కలపలో గోడలన్నీ లిగ్నిన్‌తో గట్టిపడి ఉంటాయి. నున్నగా చెక్కిన ముఖం మీద నాళాల రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. టేకులో అయితే ఏటా మొదట వచ్చే పెద్ద రంధ్రాలు వలయంగా వరస కట్టి ఉంటాయి, చేతి కటకంతోనే చూడవచ్చు. ఎర్రచందనంలో రంధ్రాలు అలా వరస కట్టవు, చెదిరి ఉంటాయి. కలప అడ్డుకోత ఫొటో చూసి జాతిని గుర్తించే యంత్రాలు అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల నుంచి ఎప్పుడో వచ్చాయి. చెట్టు వలయాల పరిశోధకులకు స్విట్జర్లాండ్ వాళ్ల రోక్సస్ ప్రోగ్రాం ఉంది, వేల నాళాలను ఒక్క ఊపులో కొలుస్తుంది.

నాళాల వ్యాసం కొలిచేవాళ్లకు ఒక హెచ్చరిక. నీటి ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం 10 శాతం ఎక్కువ కొలిస్తే ప్రవాహం లెక్క 46 శాతం ఎక్కువ వస్తుంది. గోడలో సగం రంధ్రంలో కలిసిందా, కలవలేదా అన్న చిన్న హద్దు తేడాకే ఇంత. మీరు వైశాల్యాల దగ్గర ఆగారు కాబట్టి బతికిపోయారు.

బ్లేడు_మాస్టారు
కొలత అంటే గుర్తొచ్చింది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి, అంగుళంలో పద్దెనిమిదో వంతుకు సుమారు 60 గదులు పట్టాయని లెక్కపెట్టాడు. అంటే అంగుళానికి 1080. దాన్ని మూడుసార్లు గుణించి ఘనపు అంగుళానికి 1,25,97,12,000 గదులని తేల్చాడు. కంప్యూటర్ లేదు, కరెంటు లేదు. బ్లేడు పదును మాత్రం ఉంది. పదునైన చాకుతో కోసినట్టు ఆయనే చెప్పుకున్నాడు.

పిక్సెల్_పద్మ
మాస్టారూ, ఆయన లెక్కపెట్టింది అరవై, మిగతాదంతా గుణకారం. ఇప్పుడైతే సమీక్షకులు ‘ఎన్ని బెండు ముక్కలు చూశారు’ అని వెనక్కి పంపేవారు.

గణాంకాల_గంగ
సరిగ్గా ఆ ప్రశ్న అడగడానికే వచ్చాను. ఈ చర్చలో ఇప్పటివరకు ‘నిజమైన విలువ’ ఏదో ఉన్నట్టు, ప్రోగ్రాం దానికి దగ్గరగా ఉందా లేదా అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ నిజం ఎవరు చెప్పారు? మీరూ మీ సీనియరూ ఒకే ఫొటోను, ఒకరిది ఒకరు చూడకుండా, చేత్తో గీయండి. రెండింటి మధ్య ఎంత తేడా వస్తుందో చూడండి. మనుషులే ఒప్పుకోని చోట ప్రోగ్రాం ఎవరితో ఒప్పుకోవాలి?

తరవాత, ప్రోగ్రాంకూ చేతికీ మధ్య సహసంబంధం (రెండు కొలతలు కలిసి పెరిగి తగ్గుతాయా అని చెప్పే అంకె) 0.95 వచ్చిందని సంబరపడిపోయే అలవాటు ఒకటి ఉంది. ప్రతి ఫొటోకూ కచ్చితంగా 10 ఎక్కువ చెప్పే ప్రోగ్రాంకు సహసంబంధం 1 వస్తుంది. చూడాల్సింది తేడాలను. రెండు కొలతల తేడాను వాటి సగటుకు ఎదురుగా గీయండి. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో వైద్యులకోసం చెప్పిన పద్ధతి, వేళ్లకూ పనికొస్తుంది. ఖాళీ తక్కువ ఉన్న కోతల్లో ఎక్కువ చెప్పి, ఎక్కువ ఉన్న కోతల్లో తక్కువ చెబుతోందేమో అందులో వెంటనే బయటపడుతుంది.

కోడ్_కాముడు
మోడల్‌ను పరీక్షించడానికి కొన్ని ఫొటోలు పక్కన పెడతాం కదా. వాటిలో 97 శాతం సరిపోయిందంటే చాలదా?

గణాంకాల_గంగ
@కోడ్_కాముడు పక్కన పెట్టినవి ఎలా ఎంచారు? ఒకే వేరు నుంచి వరసగా కోసిన పది కోతల్లో ఏడు తర్ఫీదుకు, మూడు పరీక్షకు వెళ్తే, మోడల్ చూసిన వేరునే మళ్లీ చూసినట్టు. మార్కులు ఎందుకు రావు? మొక్కల వారీగా విడగొట్టాలి. ఒక మొక్క పూర్తిగా ఈ పక్కనో, పూర్తిగా ఆ పక్కనో ఉండాలి. ఇంకా నయం, కొందరు ఒకే ఫొటోను ముక్కలు చేసి రెండు పక్కలకూ పంచుతారు.

విశ్లేషణలోనూ అంతే. ఒక కోతలో వంద ఖాళీలు కొలిస్తే మీకు వంద నమూనాలు వచ్చినట్టు కాదు. నీళ్లు పెట్టింది మడికి, ఖాళీలకు కాదు.

కోడ్_కాముడు
మొక్కల వారీ మాట ఒప్పుకుంటాను. ‘పాతకాలపు సరుకు’ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వేరుపురుగు
గంగ గారి మాట విని సీనియరుతో కలిసి కొన్ని ఫొటోలు విడివిడిగా గీశాం. పెద్ద ఖాళీల దగ్గర ఇద్దరికీ గీతలు దాదాపు ఒకటే. గొడవంతా సగం ముడుచుకున్న కణాల దగ్గర. గోడ వంగింది, కణం ఇంకా పూర్తిగా పోలేదు. నేను బతికున్నట్టు వదిలేశాను, ఆయన ఖాళీలో కలిపేశారు. ఒక కోతలో అలాంటివి గుత్తులుగా ఉన్నాయి, దానిలో ఇద్దరి శాతాలకూ పొంతనే లేదు. పోగుల మందాన్ని ఖాళీలో కలపాలా వద్దా అన్నది ఇంకో తగువు. చివరికి కాగితం మీద రాసుకున్నాం: నాలుగు వైపులా గోడ తెగకుండా ఉంటే అది కణమే, ఎంత ముడుచుకున్నా సరే. పోగులు ఖాళీ కాదు. ఆ తరవాత గీసినవాటిలో తేడా బాగా తగ్గింది.

పద్మ గారు చెప్పినట్టు ఆకుపచ్చ చానెల్ తీసుకుని, వెలుగును ఒకచోట బిగించి కొన్ని స్లైడులు మళ్లీ ఫొటో తీసి, ఐలాస్టిక్‌కు నాలుగు రంగులు పూసి చూపించాను. 41, 68 ఇచ్చిన కోతకు ఇప్పుడు రెండు ఫొటోల మధ్య తేడా రెండు మూడు శాతమే. విరిగిన అంచులను చేత్తో ఒక గీత గీసి మూసేస్తున్నాను. క్లోజ్ ఆదేశం కంటే అదే నయం అనిపించింది.

పిక్సెల్_పద్మ
మంచిది. ఫొటోలు ఇకనుంచి జేపెగ్‌లో కాకుండా, వివరాన్ని కుదించని టిఫ్‌లోనే దాచండి. వాట్సాప్‌లో మాత్రం ఎవరికీ పంపించుకోకండి, అది ఫొటోను కుదించేస్తుంది.

గుమ్మడిపాదు
ఫొటో చిన్నదైతే ఏమిటి? శాతం శాతమే కదా, స్కేలుతో పని లేదు.

పిక్సెల్_పద్మ
@గుమ్మడిపాదు మొదటిసారి మీరు సరదాకు కాకుండా అడిగారు. శాతానికి స్కేలు అక్కర్లేదు, నిజమే. కానీ ఆయన మాక్రోలో ‘ఒక పరిమాణం దాటిన ఖాళీలు’ అని ఉంది చూడండి, ఆ పరిమాణం పిక్సెళ్లలో ఉంటుంది. ఫొటో సగానికి తగ్గితే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. నిన్న ఖాళీ అయినది ఇవాళ కణం అవుతుంది. పలచటి గోడలు మసకబారడం దానికి అదనం. స్టేజ్ మైక్రోమీటరును ప్రతి కటకం కింద ఒకసారి ఫొటో తీసి దాచుకోండి. 1 మిల్లీమీటరులో 100 గీతలు, గీతకు 10 మైక్రాన్లు. హద్దును మైక్రాన్లలో పెట్టుకుంటే ఏ కటకమైనా ఒకటే.

వేరుపురుగు
ఇంకొక్క చిక్కు మిగిలింది. మాస్టారు చెప్పిన చిరుగులు. ఐలాస్టిక్‌కు ఐదో రంగుగా ‘చిరుగు’ అని చూపించాను, అది పట్టుకోలేకపోతోంది. సగం చిరుగులను ఏరెంకైమా అంటోంది, కొన్ని ఏరెంకైమాలను చిరుగు అంటోంది. పిక్సెల్ చుట్టుపక్కల కాస్త మేర మాత్రమే చూస్తుంది కాబట్టి, వేలాడే కొసలు దానికి తెలియవేమో. చిరిగిన కోతలన్నీ పక్కన పడేసి మిగతావాటితో పని కానిచ్చేద్దామని గైడు గారు అన్నారు. నాకూ అదే నయమనిపిస్తోంది.

మొక్కజొన్న_వేణి
మేమూ పాడైన కోతలను తీసేస్తాం. మామూలే.

గణాంకాల_గంగ
ఆగండి. ఏ మడి వేళ్లు ఎక్కువ చిరిగాయి?

వేరుపురుగు
నీటి మడివి. ఆరుతడి వేళ్లు గట్టిగా ఉన్నాయి, కోత తేలికగా వచ్చింది.

గణాంకాల_గంగ
అదే నా భయం. డొల్ల ఎక్కువ ఉన్న వేరే ఎక్కువ చిరుగుతుంది. చిరిగినవి పడేస్తే నీటి మడిలో మీకు మిగిలేవి డొల్ల తక్కువ ఉన్న వేళ్లు. నీటి మడి సగటు దానంతట అదే దిగిపోతుంది. ఉన్న తేడా కూడా పోయి, ‘నీళ్లు నిలగట్టినా ఏరెంకైమాలో మార్పు లేదు’ అని పత్రం రాస్తారు. ప్రోగ్రాం తప్పు చేయకుండానే జవాబు తప్పవుతుంది.

జొన్నకంకి
ఇది నాకూ తట్టలేదు. మా జొన్నల్లో కరువు మొక్కల వేళ్లు గట్టిగా ఉండి చక్కగా తెగేవి, నీళ్లు పెట్టినవి నలిగేవి. ఆ పాత లెక్కలు మళ్లీ తీసి చూడాలి.

కోడ్_కాముడు
చిరుగుల కోసం యూ-నెట్ అనే కృత్రిమ మేధ నెట్‌వర్కుకు తర్ఫీదు ఇవ్వండి. అది పిక్సెల్ చుట్టూ చాలా మేర చూస్తుంది. పోగు రెండు కొసలా అతుక్కుందా లేదా అన్నది నేర్చుకోగలదు. ఇది పాత మాక్రోల వల్ల అయ్యే పని కాదు.

పిక్సెల్_పద్మ
ఈసారి కాముడు గారితో ఏకీభవిస్తాను, ఒక షరతు మీద. చిరుగని గుర్తించాక ఏమి చేస్తారు? చిరిగిన చోట మొదట ఏముందో, ఖాళీయా కణాలా, ఏ నెట్‌వర్కూ చెప్పలేదు. గుర్తిస్తే ఆ భాగాన్ని కార్టెక్స్ వైశాల్యం నుంచి కూడా తీసేసి, మిగిలిన మేరకు శాతం కట్టవచ్చు. కోత మొత్తం పడేయడం కంటే నయం. కానీ చిరుగు డొల్ల ఉన్న చోటే మొదలవుతుంది కాబట్టి గంగ గారి అభ్యంతరం పూర్తిగా పోదు.

బ్లేడు_మాస్టారు
ఎంత తిరిగినా మళ్లీ బ్లేడు దగ్గరికే వచ్చారు. అబ్బాయీ, వేళ్ల ముక్కలు మిగిలాయా?

వేరుపురుగు
మిగిలాయి మాస్టారూ. 70 శాతం ఆల్కహాల్‌లో సీసాల్లో ఉన్నాయి. మొక్క, చోటు రాసి ఉన్నాయి.

బ్లేడు_మాస్టారు
అయితే విచారం దేనికి? నాలుగైదు శాతం అగరోజ్ (చల్లారితే గడ్డకట్టే జిగురు) కాచి, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చన అయ్యాక, ముక్కను నీళ్లలో కడిగి అందులో నిలబెట్టండి. గాలి బుడగలు ఖాళీల్లో చిక్కుకోకుండా చూసుకోండి. గడ్డకట్టాక ఆ దిమ్మతో సహా కోయండి. ఖాళీల్లోకి అగరోజ్ చేరి లోపలి నుంచి నిలబెడుతుంది, కార్టెక్స్ నలగదు. వైబ్రటోమ్ (అదురుతూ ఉండే బ్లేడుతో పలచగా కోసే యంత్రం) దొరికితే సరే సరి, లేకపోతే కొత్త బ్లేడు. ఒక బ్లేడు అంచుతో నాలుగైదు కోతలు, తరవాత మార్చాల్సిందే. బ్లేడు తడిగా ఉండాలి. నొక్కకుండా మీ వైపుకు లాగాలి. ఈసారి టొలుయిడిన్ నీలం పట్టించండి.

వేరుపురుగు
పక్క విభాగంలో వైబ్రటోమ్ ఉందట, ఉత్తరం పెట్టాను. చిరిగిన వేళ్లన్నీ మళ్లీ కోయాలా, నీటి మడివి మాత్రమే కోస్తే చాలా?

గణాంకాల_గంగ
నీటి మడివి ఒక్కటే కొత్త పద్ధతిలో కోస్తే, మడి తేడాతో పాటు పద్ధతి తేడా కూడా కలిసిపోతుంది. రెండు మడుల నుంచీ కోయండి. అన్నీ కుదరకపోతే మొక్కల పేర్లు చీటీలు రాసి తీయండి, అందమైన వేళ్లు ఏరుకోకండి. కోసేటప్పుడు ఏ సీసా ఏ మడిదో మీకు తెలియకుండా ఎవరితోనైనా అంకెలు వేయించుకోండి. పాత పద్ధతిలో ఏ మడిలో ఎన్ని కోతలు చిరిగాయో ఆ లెక్క మాత్రం పారేయవద్దు, పట్టికలో ఒక వరుసగా వేయండి.

కోడ్_కాముడు
గీసిన ఫొటోలు, తర్ఫీదు గుర్తులు అన్నీ దాచండి. నీలం రంగు ఫొటోలు వచ్చాక ఒక వంద నాకు పంపిస్తే యూ-నెట్ పెట్టి చూస్తాను. ఐలాస్టిక్ కంటే మెరుగ్గా రాకపోతే ఈ వేదికలోనే ఒప్పుకుంటాను.

పిక్సెల్_పద్మ
మొక్కల వారీగా విడగొట్టి!

కోడ్_కాముడు
మొక్కల వారీగానే, తల్లీ.

వేరుపురుగు
వైబ్రటోమ్‌కు అనుమతి వచ్చింది, వచ్చే వారం నుంచి మధ్యాహ్నాలు ఇస్తామన్నారు. అంకెలు వేయడానికి సీనియరు ఒప్పుకున్నారు. చేత్తో గీసిందే లెక్క అన్న మాట మీదే ఇంకా ఉన్నారు గానీ, ఐలాస్టిక్ ఎలా పెట్టుకోవాలో నిన్న అడిగారు.